సోనీ సీఎక్స్405: చౌక హ్యాండీక్యామ్ కొనేముందు ఫార్మాట్ సంగతి తేల్చుకోండి

స్కూలు వార్షికోత్సవం, కూచిపూడి అరంగేట్రం, పద్యనాటకం, హరికథ, చర్చిలో ఆదివారం ఆరాధన. రెండు మూడు గంటలపాటు స్టాండు మీద నిలబెట్టి ఆపకుండా తీయాల్సిన ఇలాంటి పనులకు ఫోను సరిపోదు. మధ్యలో వేడెక్కుతుంది, కాల్ వస్తుంది, నిల్వ నిండిపోతుంది. హాలు చివర నుంచి జూమ్ చేస్తే వేదిక మీది మొహం మైనపు ముద్దలా కనిపిస్తుంది. తక్కువ ధర హ్యాండీక్యామ్‌కు ఇప్పటికీ విలువ ఉన్నది ఇక్కడే. ఐదు నిమిషాల క్లిప్పులూ పిల్లల ఆటపాటలూ తీసుకోవడానికే అయితే కొనకండి, మీ ఫోనే మంచి బొమ్మ ఇస్తుంది.

మనవాళ్లు ఏ కంపెనీదైనా హ్యాండీక్యామ్ అనే అంటారు కానీ ఆ పేరు సోనీది. ఆ కంపెనీ హై డెఫినిషన్ హ్యాండీక్యామ్‌లలో మొదటి మెట్టు హెచ్‌డీఆర్-సీఎక్స్405. 2015లో వచ్చిన మోడల్. పాత స్టాకులోనూ సెకండ్ హ్యాండ్‌లోనూ ఎక్కువగా కంటపడేది ఇదే, అందుకే దీన్ని తీసుకుని చెబుతున్నాం. ఫార్మాట్ గురించి ఇక్కడ చెప్పిన వాటిలో చాలా భాగం పానాసోనిక్‌కూ కానన్‌కూ కూడా వర్తిస్తుంది.

బరువు 200 గ్రాముల లోపే, గుప్పిట్లో ఇమిడిపోతుంది. లెన్స్ జైస్ వారియో-టెస్సార్, ఫోకల్ లెంగ్త్ 1.9 నుంచి 57 మిల్లీమీటర్లు. 57ను 1.9తో భాగిస్తే 30 వస్తుంది. 30 రెట్ల ఆప్టికల్ జూమ్ అంటే అదే. మామూలు కెమెరా లెక్కలో చెప్పాలంటే 26.8 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది కాబట్టి చిన్న గదిలో కూడా పెళ్లిపీటలు, పక్కన కూర్చున్నవాళ్లు ఒకే ఫ్రేములో పడతారు. ఈ ధరలో ఇంత వెడల్పు పెద్ద సుగుణం. తెర 2.7 అంగుళాలు. టచ్ కాదు, పక్కనున్న చిన్న బొడిపెను అటూ ఇటూ నొక్కుతూ మెనూలో తిరగాలి. లెన్స్ మూత కూడా చేత్తోనే తెరవాలి. తొందరలో సగమే తెరిస్తే ఫ్రేము అంచు నల్లగా పడుతుంది. చిన్న తెర మీద అది కనిపించదు, ఇంటికొచ్చి టీవీలో చూసినప్పుడే తెలుస్తుంది.

సెన్సర్ పేరుకు 1/5.8 అంగుళాలది. నిజంగా కొలిస్తే మూల నుంచి మూలకు మూడు మిల్లీమీటర్లే, కందిపప్పు బద్దంత. పగటి వెలుగులో, బాగా లైట్లు పెట్టిన ఫంక్షన్ హాల్లో ముచ్చటైన బొమ్మ వస్తుంది. రాత్రి జాతరలోనో, రెండు ట్యూబులైట్ల కింద వరండాలోనో ఇసుక చల్లినట్టు గింజలు పడతాయి. ఇది చెడిపోయిన లక్షణం కాదు, సెన్సర్ పరిమాణమే అంత. దీనికి ఒక ఉపాయం ఉంది. లెన్స్ వెడల్పు వైపు ఎఫ్ 1.8 దగ్గర ఉంటుంది, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 4కి చేరుతుంది. అంటే లోపలికి వచ్చే వెలుతురు ఐదో వంతుకు పడిపోతుంది. హాలు చివర కూర్చుని 30 రెట్లు లాగే బదులు స్టాండును నాలుగు వరుసలు ముందుకు జరిపితే గింజలు తగ్గుతాయి. మెనూలో లో లక్స్ అని ఒకటుంది. దాన్ని వేస్తే వెలుతురు పెరిగినట్టు కనిపిస్తుంది కానీ షట్టర్ నెమ్మదిస్తుంది, నాట్యంలో చేతులు తోకచుక్కల్లా సాగుతాయి. నాట్యానికి వద్దు.

ఇక ఫార్మాట్. దుకాణంలో ఎవరూ చెప్పనిదీ, ఆ తర్వాత అందరూ ఇబ్బంది పడేదీ ఇదే.

సీఎక్స్405లో మూడు ఫైల్ ఫార్మాట్లు ఉన్నాయి: ఎక్స్ఏవీసీ ఎస్, ఏవీసీహెచ్‌డీ, ఎంపీ4. మూడింటిలోనూ బొమ్మను కుదించే పద్ధతి ఒక్కటే, హెచ్.264. తేడా ఎంత గట్టిగా కుదిస్తున్నారు, శబ్దాన్ని ఎలా దాస్తున్నారు, ఏ పెట్టెలో పెడుతున్నారు అన్నదగ్గరే.

ఏవీసీహెచ్‌డీ పాతది. సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో ప్రకటించాయి, 2011లో 50పీ, అంటే సెకనుకు 50 నిండు ఫ్రేములు తీసే పద్ధతి, చేర్చారు. డిస్కులు కాల్చుకునే రోజుల కోసం పుట్టింది కాబట్టి దాని ఫోల్డర్లు బ్లూరే డిస్కును పోలి ఉంటాయి. కార్డు తెరిస్తే ప్రైవేట్, అందులో ఏవీసీహెచ్‌డీ, అందులో బీడీఎంవీ, అందులో స్ట్రీమ్. అంత లోతుకు వెళితే 00000, 00001 అని వరుసగా ఎంటీఎస్ ఫైళ్లు కనిపిస్తాయి. సోనీ ప్రతి ఫైలునూ 2 జీబీ దగ్గర తెంపుతుంది. 28 ఎంబీపీఎస్ (సెకనుకు 28 మెగాబిట్లు) మోడ్‌లో ఇది దాదాపు పది నిమిషాలకొకసారి జరుగుతుంది. రికార్డింగ్ ఆగదు, కార్డు మీద మాత్రం ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని విడివిడిగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే అతుకు దగ్గర రెండు మూడు ఫ్రేములు ఎగిరి, శబ్దం టక్కుమంటుంది. పద్యం రాగాలాపన నడుమ ఆ టక్కు పడితే ఎంత బాధో తీసినవాళ్లకే తెలుసు. బొమ్మల్ని గుంపులు గుంపులుగా కలిపి కుదిస్తారు, కోత అలాంటి గుంపు మధ్యలో పడటమే కారణం. ముందు ముక్కల్ని యథాతథంగా అతికించి, ఆ తర్వాత ఎడిటింగ్‌లోకి తీసుకెళ్లాలి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ ఆజ్ఞకు బైనరీ స్విచ్ పెట్టి, ఫైలు పేర్ల మధ్య ప్లస్ గుర్తులతో వరుస తప్పకుండా ఇస్తే ఒకే పెద్ద ఎంటీఎస్ వస్తుంది. నాణ్యత ఏమాత్రం తగ్గదు. వరుస తప్పితే మాత్రం బొమ్మ ముందుకూ వెనక్కూ గెంతుతుంది.

ఏవీసీహెచ్‌డీతో ఇంకో చిక్కు శబ్దం. ఇందులో శబ్దం డాల్బీ డిజిటల్‌లో ఉంటుంది. ఎంటీఎస్‌ను ఏదో ఉచిత కన్వర్టర్‌తో ఎంపీ4గా పేరు మార్చి వాట్సాప్‌లో పంపితే చాలా ఫోన్లలో బొమ్మ కదులుతుంది, మాట వినబడదు. మైకు పోయిందని కెమెరాను రిపేరుకు పట్టుకెళ్లేవాళ్లున్నారు. మైకు బాగానే ఉంటుంది. మార్చేటప్పుడు శబ్దాన్ని ఫోన్లు చదవగలిగే ఏఏసీకి మార్చమని చెబితే సమస్య తీరిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్‌లో ఆడియో పేజీకి వెళ్లి ఏఏసీ ఎంచుకోవడమే.

ఎక్స్ఏవీసీ ఎస్ 2013లో వచ్చింది. ఇందులో 50 ఎంబీపీఎస్, 1920×1080, 50పీ లేదా 25పీ. శబ్దాన్ని కుదించకుండా ఎల్‌పీసీఎంలో ఉంచుతుంది. ఫైలు మామూలు ఎంపీ4 పెట్టెలోనే ఉంటుంది కాబట్టి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు గొడవ లేకుండా తీసుకుంటాయి. కార్డులో ప్రైవేట్, ఎం4రూట్, క్లిప్ అనే దారిలో వెతకండి. మెనూలోని ఎంపీ4 ఇది కాదు. అది 720 గీతల చిన్న బొమ్మ, 3 ఎంబీపీఎస్, ఫోన్లకు పంపుకోవడానికి మాత్రమే. పేరు చూసి, ఎంపీ4 అయితే అన్నిట్లో ఆడుతుంది కదా అని దాన్ని పెట్టేసి పెళ్లంతా తీసేస్తారు. తర్వాత పెద్ద టీవీలో చూసుకుంటే ముహూర్తపు వేళ తలంబ్రాలన్నీ చతురస్రాలుగా పగిలి ఉంటాయి. దాన్ని బాగుచేసే సాఫ్ట్‌వేర్ లేదు.

కార్డు లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఎంబీపీఎస్ అంకెను 8తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఎంబీయో వస్తుంది, దాన్ని 3600తో గుణిస్తే గంటకు. 50 ఎంబీపీఎస్ గంటకు 22.5 జీబీ తింటుంది. ఏవీసీహెచ్‌డీలో 28 ఎంబీపీఎస్ పీఎస్ మోడ్ 12.6 జీబీ, 17 ఎంబీపీఎస్ ఎఫ్‌హెచ్ మోడ్ 7.65 జీబీ. ఈ లెక్కన 64 జీబీ కార్డులో ఎక్స్ఏవీసీ ఎస్ రెండున్నర గంటలకు కాస్త పైన, పీఎస్ నాలుగున్నర గంటలకు పైన, ఎఫ్‌హెచ్ ఏడున్నర గంటలకు పైన పడుతుంది.

మరి ఏది పెట్టాలి? తీసినదాన్ని ఎడిట్ చేస్తారా, నాట్యంలాంటి వేగపు కదలిక ఉందా, అయితే ఎక్స్ఏవీసీ ఎస్ 50పీ. ఉపన్యాసం, అవధానం, హరికథలాంటి నిలకడ దృశ్యం రోజంతా తీయాలంటే ఏవీసీహెచ్‌డీ పీఎస్ చాలు, కార్డు మార్చే పని తగ్గుతుంది. అవధానం నడుమ పృచ్ఛకుడు అడుగుతుంటే కార్డు మార్చుకోవడం కంటే బిట్‌రేటు కాస్త తగ్గించుకోవడమే తెలివి. 50ఐ మోడ్‌లకు మాత్రం మేం ఓటు వేయం. ఐ అంటే బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి. పాత గాజు టీవీలకు అది పనికొచ్చింది. ఫోనులో, యూట్యూబ్‌లో చూస్తే చేయి ఊపినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. పాత రికార్డింగులు ఇప్పటికే అలా ఉంటే మార్చేటప్పుడు ఆ గీతల్ని కలిపే డీఇంటర్లేస్ ఆన్ చేయండి.

ఎంపీ4ను పక్కన జోడుగా రికార్డు చేసే డ్యూయల్ వీడియో సదుపాయం కూడా ఉంది. వెంటనే గ్రూపులో పంపుకోవడానికి పనికొస్తుంది. అయితే ఎంచుకున్న రికార్డింగ్ మోడ్‌ను బట్టి అది పనిచేయకపోవచ్చు, మెనూలో ముందే చూసుకోండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, బాబాయో వస్తూ వస్తూ అక్కడి నుంచి కెమెరా తెస్తానంటే ఒక్క మాట అడగండి: అది 50ఐ మోడలా, 60ఐ మోడలా? ఇక్కడ 50ఐ అన్నది కెమెరా రకం పేరు, పైన వద్దన్న రికార్డింగ్ మోడ్ కాదు. ఇండియాలో అమ్మేది 50ది, అమెరికాలో అమ్మేది 60ది. సీఎక్స్405లో ఒకదాన్ని రెండోదానిగా మార్చే వీలు లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 50 ఫ్రేముల కెమెరాలో ప్రతి ఫ్రేముకూ సరిగ్గా రెండు మినుకులు పడతాయి కాబట్టి వెలుతురు నిలకడగా ఉంటుంది. 60 ఫ్రేముల కెమెరాలో ఒక ఫ్రేముకు ఒకటీ ముప్పావు కంటే తక్కువే పడుతుంది, అదీ ప్రతిసారీ ఒకేలా పడదు. దాంతో గోడ మీద చీకటి పట్టీలు పాకుతూ కనిపిస్తాయి, మొహాలు అదురుతుంటాయి. షట్టర్‌ను 1/100కు పెట్టుకోగల పెద్ద కెమెరాలో ఇది సర్దుకుంటుంది, ఈ చిన్నదానిలో చేత్తో షట్టర్ మార్చే మీట లేదు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటూ అక్కడి తెలుగు సంఘం కార్యక్రమాలు తీసేవాళ్లకు 60 మోడలే సరైనది, వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్. కెమెరా ఎక్కడ పనిచేస్తుందో అక్కడిదే కొనాలి.

దీనికి అనుబంధంగా ఇంకొకటి. రెండో కోణానికి ఫోను వాడితే అది మామూలుగా 30 ఫ్రేముల్లో తీస్తుంది. 50 ఫ్రేముల టైమ్‌లైన్‌లో కలిపితే నడక కుంటుతున్నట్టు కనిపిస్తుంది. ఫోను కెమెరా సెట్టింగుల్లో 25 ఉంటే అది పెట్టండి.

కార్డు విషయంలో అంకెల మోజు అక్కర్లేదు. కావాల్సింది సెకనుకు 6.25 ఎంబీ, క్లాస్ 10 గుర్తు ఉన్న కార్డు కనీసం 10 ఎంబీ రాస్తుంది. ఖరీదైన వీ30 కార్డు ఈ కెమెరాకు అవసరం లేదు. 64 జీబీ మైక్రోఎస్‌డీఎక్స్‌సీ, క్లాస్ 10 లేదా యూ1, రెండు కొనండి, బిల్లుతో కొనండి. నకిలీ కార్డు మీద 128 అని ముద్ర ఉంటుంది, లోపల 8 మాత్రమే ఉంటుంది. మొదటి 8 జీబీ బాగానే రాసి ఆ తర్వాత పాతదాని మీదే రాసుకుంటూ పోతుంది. రికార్డింగ్ అయినట్టే చూపిస్తుంది, ఇంటికొచ్చాక ఫైలు తెరుచుకోదు. కొన్న రోజునే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డు నిండా రాయించి, తిరిగి చదివించండి. గంట పడుతుంది, పడనివ్వండి. పరీక్ష అయ్యాక కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ఎంటీఎస్‌లను ఏరుకోకండి, ప్రైవేట్ ఫోల్డరు మొత్తం తేదీ పేరుతో దించుకోండి. ముక్కల వరుస, తేదీల సమాచారం ఆ పక్క ఫైళ్లలోనే ఉంటాయి.

ఈ కెమెరాకు అసలైన లోపం శబ్దం దగ్గరే. బయటి మైకు పెట్టుకునే రంధ్రం లేదు, హెడ్‌ఫోన్ రంధ్రమూ లేదు. ముందున్న రెండు చిన్న మైకులే దిక్కు. వేదికకు ముప్పై అడుగుల దూరంలో పెడితే గాయకుడి కంటే పక్క కుర్చీలో చిప్స్ ప్యాకెట్ బాగా వినబడుతుంది. పైగా శబ్దం స్థాయిని కెమెరా తనంతట తానే సర్దుకుంటుంది. డోలు సన్నాయి మోగినప్పుడు అదిమేస్తుంది, అవి ఆగగానే ఫ్యాన్ల హోరును పైకి లేపుతుంది. మెనూలో మైక్ రిఫరెన్స్ లెవెల్ అని ఉంటుంది, మేళం, డప్పులు, డీజే ఉన్న చోట దాన్ని లో, అంటే తక్కువకు, మార్చండి. పగులు శబ్దం చాలావరకు పోతుంది.

అంతకంటే మంచి దారి శబ్దాన్ని విడిగా రికార్డు చేయడం. జూమ్ అనే కంపెనీ హెచ్1ఎన్‌లాంటి చిన్న రికార్డరో, ఇంట్లో ఉన్న పాత ఫోనో వేదిక పక్కన ఉంచండి. రెండూ నడుస్తుండగా కెమెరాకు కనబడేలా ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు శిఖరాన్ని, చేతులు కలిసిన ఫ్రేమును జత చేస్తే చాలు. గంట దాటే రికార్డింగులో చివరికొచ్చేసరికి పెదవులకూ మాటకూ కొద్దిగా ఎడం వస్తుంది. రెండు యంత్రాల గడియారాలు అచ్చంగా ఒకేలా నడవవు మరి. కార్యక్రమం చివర కూడా ఒక చప్పట్లు కొట్టించుకుంటే ఆ తేడా కొలిచి సర్దేయవచ్చు. సౌండ్ సిస్టమ్ అతని మిక్సర్ నుంచి వైరు తీసుకుంటే ఇంకా శుభ్రంగా వస్తుంది. కాకపోతే మిక్సర్ అవుట్ లైన్ స్థాయిలో వస్తుంది. రికార్డర్ ఇన్‌పుట్ స్థాయిని బాగా తగ్గించాకే వైరు గుచ్చండి.

మైకు రంధ్రం తప్పనిసరి అనుకుంటే కానన్ లెగ్రియా హెచ్ఎఫ్ ఆర్806 చూడండి. 3.5 మిల్లీమీటర్ల మైకు ఇన్‌పుట్, టచ్ తెర, మామూలు సైజు ఎస్‌డీ కార్డు, ఎంపీ4లో 35 ఎంబీపీఎస్ 50పీ ఉన్నాయి. లెన్స్ మాత్రం సోనీ అంత వెడల్పు కాదు, చిన్న గదిలో వెనక్కి గోడకు ఆనుకోవాల్సి వస్తుంది. వేదికకు దూరంగా నిలబడక తప్పనివాళ్లకు పానాసోనిక్ హెచ్‌సీ-వీ180 ఉంది, 50 రెట్ల ఆప్టికల్ జూమ్. ఉపన్యాసాలు, ప్రవచనాలు తీసేవాళ్లకు మా మాట కానన్. ఇల్లు, పెళ్లి, బడి అయితే సోనీ.

బ్యాటరీ ఎన్‌పీ-బీఎక్స్1, 1240 ఎంఏహెచ్, అగ్గిపెట్టె కంటే చిన్నది. రెండు గంటల కార్యక్రమానికి ఒక్కదాన్ని నమ్మలేం. ఛార్జింగ్ వైరు చేతిపట్టీలోనే దాగి ఉంటుంది. బ్యాటరీ లోపలే ఉంచి, గోడ అడాప్టర్‌కు తగిలించి రికార్డు చేసుకోవచ్చు. ఆ వైరు జానెడే కాబట్టి డబ్బాలో వచ్చిన పొడిగింపు వైరు వాడి, దాన్ని స్టాండు కాలికి టేపుతో చుట్టండి. లేదంటే ఎవరి కాలో తగిలి కెమెరా కిందికి వస్తుంది. స్టాండు మీద ఉన్నప్పుడు చేతి వణుకును సర్దే స్టెడీషాట్ ఆపేయండి. ఆపకపోతే నెమ్మదిగా పక్కకు తిప్పినప్పుడు బొమ్మ ఒక్క క్షణం పట్టుకుని, తర్వాత జారుతుంది. వేదిక వెనక ఎల్ఈడీ తెర ఉంటే ఎక్స్‌పోజర్ చేత్తో పెట్టండి. ఆటోలో వదిలేస్తే తెర వెలిగినప్పుడల్లా మొహాలు నల్లబడతాయి.

ఆన్‌లైన్‌లో ఇంతకంటే తక్కువకు 4కె, 48 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్ అని పేరూ ఊరూ లేని క్యామ్‌కార్డర్లు వరుసగా కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు. 16ఎక్స్ అన్నది డిజిటల్ జూమ్, అంటే ఉన్న బొమ్మనే కత్తిరించి సాగదీయడం. లెన్స్ చాలావాటిలో ఫిక్స్‌డ్ ఫోకస్, కదలదు. 4కె కూడా తక్కువ బొమ్మను పెంచి రాసిందే. గుర్తుపట్టడం తేలిక: వివరాల్లో లెన్స్‌కు రెండు మిల్లీమీటర్ల అంకెలు, వాటి పక్కన ఆప్టికల్ జూమ్ అన్న మాట ఉన్నాయా అని చూడండి. లేకపోతే అది చౌక వెబ్‌క్యామ్‌కు పట్టీ తగిలించినట్టే. ఆ డబ్బుతో పాత సీఎక్స్405 కొనుక్కోవచ్చు.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే మినీడీవీ టేపువి, డీవీడీవి, హార్డ్ డిస్కువి వదిలేయండి. పాత టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలంటే తప్ప వాటితో పనిలేదు. సీఎక్స్405 అయితే కొనేచోటే నాలుగు పనులు చేయండి. ఫోను టార్చి పక్కనుంచి కొట్టి లెన్స్ లోపలికి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనబడితే ఫంగస్, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలిలో బీరువాలో పెట్టి మరిచిన కెమెరాలకు ఇది మామూలే. అది ఉంటే ఎంత తగ్గించినా వద్దు. తెరను తెరిచి మూసి తిప్పండి, మడత దగ్గర బొమ్మ మినుకుతుంటే లోపలి రిబ్బన్ తెగబోతోంది. జూమ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా లాగండి, మధ్యలో ఫోకస్ వెతుక్కుంటూ ఆగిపోకూడదు. చివరగా మీ కార్డు పెట్టి ఎక్స్ఏవీసీ ఎస్ 50పీలో పది నిమిషాలు ఆపకుండా తీసి, ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి నుంచి చివరి వరకు చూశాకే డబ్బు చేతిలో పెట్టండి.